నడిరోడ్డులో నిలబడే చోటు

"ముందు ఆ చొక్కా విప్పండి."

ఆమె వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.  భర్త డ్యూటీ చొక్కా పై బొత్తం పెట్టుకుంటున్నాడు. బొత్తం కాజాలోకి దిగడం లేదు.

"సస్పెండ్ అయిన మనిషి డ్యూటీ చొక్కా వేసుకుని ఎక్కడికండీ?"

"ఆస్పత్రికి."

"ఎందుకు? కొట్టేవాళ్ళకి వెతుక్కునే శ్రమ లేకుండానా?"

"మామూలు బట్టల్లో దొంగలా వెళ్ళను. బస్సు నడిపింది నేను. నడిపినవాడిగానే వెళ్తా."

"వెళ్ళి? ఐసీయూలోకి రానిస్తారా మిమ్మల్ని?"

"అద్దంలోంచి చూస్తా."

"ఆవిడ కళ్ళే తెరవలేదు."

"నాకోసం తెరవక్కర్లేదు. ఉందో లేదో చూసి వచ్చేస్తా."

ఉందో లేదో.  ఆ మాట విన్నా ఆమె గుమ్మం వదల్లేదు.

ఆస్పత్రి మలుపు దగ్గర అతని బస్సు తగిలి ఆ మనిషి పడిపోయినప్పటినుంచీ ఈ ఇంట్లో ఫోను మోగితే అందరూ దానివైపు చూస్తారు, ఎవరూ చెయ్యి చాపరు. పడిపోయినావిడ బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. ఈ ఇంటి అమ్మాయికి లెక్కలు చెప్పేది కూడా ఆవిడే.

"రేపు పొద్దున విచారణ పెట్టుకుని ఇవాళ ఆస్పత్రి ముందు రభస కావాలా? ఈ ఊళ్ళో జనం ఏమంటున్నారో మీకేం తెలుసు? ఇంట్లో కూచుంటారు. వినేది నేను."

అది నిజమే. ఆమె పనిచేసేది కళ్లజోళ్ళ షాపులో. ఆ మధ్యాహ్నమే కొత్త అద్దాలు సరిచూసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, గోడమీది అక్షరాలు చదవడం మధ్యలో ఆపి, "ఆ బస్సువాణ్ణి నడివీధిలో నిలబెట్టి తన్నాలమ్మా" అన్నాడు. "కింది వరస చదవండి" అంది ఆమె. చదివాడు. సరిగ్గా చదివాడో తప్పు చదివాడో ఆమెకి తెలియలేదు.

వింత ఏమిటంటే, డిపోలో అతనికి అందరూ పెట్టిన పేరు నత్త. నత్త బండి ఎక్కితే పెళ్ళికి బయల్దేరినవాళ్ళు మనవడి పుట్టినరోజుకి దిగుతారని తోటి డ్రైవర్లు ఎకసెక్కాలాడేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఇరుకు రోడ్డున్న రోజుల్లో ఆ నవ్వు చెల్లింది. రోడ్డు వెడల్పు చేశాక డిపోవాళ్ళు, దారి ఇంత బాగుంటే ఇంకా పాత టైము ఎందుకని, ప్రతి ట్రిప్పుకీ సమయం కోసేశారు. మిగతావాళ్ళు ఆ టైము అందుకున్నారు. నత్తకి మెమోలు మొదలయ్యాయి. మెమో వెనక మెమో వస్తుంటే అతని కాలు కూడా కొంచెం కొంచెంగా కిందికి దిగడం నేర్చుకుంది.

"జరగవే," అన్నాడు మెల్లగా.

"జరగను."

వెనకనుంచి ఎవరో ఆమె భుజం మీద చెయ్యి వేశారు. కూతురు. బడినుంచి వచ్చింది. తల్లి పక్కకి జరిగితే ఆ సందులోంచి లోపలికి వెళ్ళింది. తండ్రి పక్కనుంచే వెళ్ళింది. తల తిప్పలేదు.

"అమ్మడూ," అన్నాడతను.

లోపలి గది తలుపు మూసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు. దగ్గరగా వేసింది, అంతే.

అతను బొత్తం వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు. ఇప్పుడిక గుమ్మానికి అడ్డం నిలబడవలసిన పని లేకపోయినా ఆమె అక్కడే నిలబడింది.

చీకటి పడుతుండగా ఆమె తమ్ముడు వచ్చాడు. మునిసిపాలిటీలో రోడ్ల ఇంజనీరు. హెల్మెట్ తీసి ఎక్కడ పెట్టాలో తోచనట్టు చేతిలోనే పట్టుకుని బల్లమీద కూచున్నాడు.

"రావోయ్ ఇంజనీరూ," అన్నాడు బావ. ఎప్పుడూ అనే మాటే. గొంతు మాత్రం ఎప్పటిది కాదు.

"ఏమన్నాడ్రా మీ ఆఫీసు పెద్దాయన?" అంది అక్క.

"రేపు విచారణకి మా ఆఫీసు తరఫున నన్నే వెళ్ళమన్నాడు."

"మంచిదేగా! మనవాడివి నువ్వుంటే..."

"ఏం చెప్పాలో కూడా ఆయనే చెప్పాడక్కా. రోడ్డులో ఏ లోపమూ లేదు, నడిచే మనిషి దాటకూడని చోట పరుగున అడ్డం వచ్చింది. ఇంతే చెప్పి వచ్చెయ్యమన్నాడు."

ఆమె భర్తవైపు తిరిగింది. "విన్నారా? మీ యూనియన్ ఆయన పొద్దున ఫోన్లో చెప్పింది కూడా ఇదేగా! పరుగున అడ్డం వచ్చిందని ఒక్క మాట అంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడా లేదా? రెండు ఆఫీసులూ ఒకటే మాట చెబితే ఇంక కాదనేదెవరు?"

అతను నేలవైపు చూస్తున్నాడు.

"మిమ్మల్నే. రేపు అడిగితే అంటారా, అనరా?"

అతను చొక్కా బొత్తం వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

"నోరు విప్పండి! ఉద్యోగం పోతే పోనివ్వండి, ఇంకోటి చూసుకుంటాం. జైలంటేనే నా పైప్రాణాలు పైనే పోతున్నాయి. ఒక్క మాటండీ. ఆవిడ వచ్చి కాదంటుందా?"

అన్నాక ఆ మాట తనకే వినిపించింది. ఆవిడ వచ్చి కాదనకుండా ఉండాలంటే ఆవిడ ఏమైపోవాలి? నాలుక కరుచుకుంది. 

"టీచర్ పరిగెత్తరు."

లోపలి గది తలుపు తెరుచుకుని ఉంది. కూతురు అక్కడ నిలబడి ఉంది.

"మా టీచర్ పరిగెత్తలేరమ్మా. ఆవిడ మోకాలు బాగోదు. మెట్లెక్కడానికే కడ్డీ పట్టుకుంటారు. మా క్లాసు పైనుంటే ఆవిడకోసం కిందికి మార్చారు. పరిగెత్తారని రేపు మీరు చెబితే, మా బళ్ళో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు."



"నువ్వు లోపలికెళ్ళు," అంది తల్లి.

"పరిగెత్తలేదు." ఆ మాట అన్నది తండ్రి. "నేను చూశాగా. నిలబడే ఉంది."

అందరూ అతనివైపు తిరిగారు. ఇన్నాళ్ళూ పోలీసులకి తప్ప ఎవరికీ చెప్పలేదతను. వాళ్ళకి చెప్పింది కూడా రెండు ముక్కలే.

"మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యలో ఉంది. సగం దాటేసింది. అవతలి సగం ఖాళీ అయ్యేదాకా ఆగింది. గొడుగు చంకలో ఉంది, సంచి గుండెలకి అదుముకుంది. అక్కడ అందరూ అలాగే ఆగుతారు. రోజూ చూస్తానుగా. ఆగడానికి ఏముందక్కడ, తెల్లగీత తప్ప? ఆ గీత మీదే నిలబడింది. నిలబడిందిగా, ఉంటుందిలే అనుకున్నా. అవతలి వైపునించి మోటార్‌సైకిలొకటి ఆ గీత మీదకి వచ్చేసింది. ఆవిడ ఒక్క అడుగు వెనక్కి వేసింది."

అతని కుడికాలు నేలకి అదిమి ఉంది.

"బ్రేకు వేశా. వెయ్యకపోవడమేంటి. ఇదివరకు నేను నడిపే నడకకైతే బండి ఆగేది."

 కూతురు గోడకి ఆనుకుని కింద కూచుంది. తల్లి తమ్ముడి మొహంలోకి చూసింది. అతను హెల్మెట్ అద్దం మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

"తెల్లగీత తప్ప ఏముందంటున్నారు మీ బావ. విన్నావా?"

"విన్నానక్కా."

"ఏరా, నువ్వు గీసిన మొదటి పటంలో అక్కడ దిమ్మె ఉండేదిగా? మనుషులు సగం దాటి నిలబడ్డానికి నడిమధ్యన ఎత్తుగా దిమ్మె కట్టిస్తున్నారని ఈ బల్లమీదే పటం పరిచి నాకు చూపించావు. ఏమైందది?"

"తీసెయ్యమన్నారు. బళ్ళకి ఇంకో వరస కావాలన్నారు."

"తీసేశావు."

"నేను కాకపోతే ఇంకొకడు తీసేవాడు."

"అయితే రేపు ఆ మాటే చెప్పు. రోడ్డుదే తప్పని చెప్పు. మీ బావ బయటపడతాడు."

తమ్ముడు హెల్మెట్ పక్కన పెట్టాడు. "నేను చెప్పలేదనుకుంటున్నావా? పెద్దాయనకి నెలనెలా చెబుతూనే ఉన్నా. ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. 'ఊరు మొత్తం మీద ప్రమాదాలు తగ్గాయా లేదా' అంటాడు. తగ్గాయి. నిజంగానే తగ్గాయి. పాత రోడ్డు మీద రోజూ ఏదో ఒకటి అయ్యేది. బండికి బండి రాసుకునేది, అద్దం పగిలేది, ఇద్దరూ దిగి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. ఇప్పుడు ఆ గీతలు, సొట్టలు లేవు. మొత్తం లెక్క దిగిపోయింది. కానీ ఇప్పుడు తగిలితే మనిషి లేవట్లేదు. చచ్చిపోయేవాళ్ళు పెరిగారు. వాళ్ళలో బళ్ళమీద వెళ్ళేవాళ్ళకంటే నడిచేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలోనూ ముసలివాళ్ళు, బడిపిల్లలు. అందరూ ఆ రోడ్డు మీదే, అందులో సగం మంది ఆ మలుపు దగ్గరే. ఇదంతా పేపర్లో కూడా వచ్చింది. దాచిపెట్టిందేం లేదు. ఎవరూ గట్టిగా అనరు, అంతే."

"నువ్వను."

"అంటే నన్ను ఏ మూలకి విసిరేస్తారో తెలుసా? మా ఆవిడ ఒట్టిమనిషి కూడా కాదు..."

"అందుకని మీ బావ జైల్లో కూచోవాలా?"

"నేనన్నానా ఆ మాట? ఆవిడ పరిగెత్తుకొచ్చిందని బావ చెబితే జైలూ ఉండదు, ఏమీ ఉండదు. ఇందాక నువ్వే కదా చెప్పమన్నావు!"

"ఇందాక నాకు ఆవిడ మోకాలి సంగతి తెలీదు!"

"తెలిశాక నిజం చెప్పే బాధ్యత నాకు అంటగడతావా? నా కాపురం నాకుండదా?"

"ఆపండి," అన్నాడు భర్త. గొంతు పెంచలేదు. అయినా ఇద్దరూ ఆగారు.

అప్పుడే గుమ్మం బయట అడుగుల చప్పుడయింది. ఎవరో తలుపు తట్టారు. గట్టిగా కాదు, తట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు.

తలుపు తీసింది ఆమె. బయట సన్నగా, పొడుగ్గా ఒకాయన. చొక్కా నలిగి ఉంది. కళ్లజోడు ఒక కాడ వంగి, అద్దాలు ఒకవైపు దిగిపోయి ఉన్నాయి. అలవాటుగా ఆమె కన్ను ముందు దానిమీదే పడింది.

"బస్సు డ్రైవరు గారిల్లు ఇదేనాండీ?"

"మీరు?"

"లెక్కల టీచరు భర్తనండి."

 ఆమె ఆయన భుజం మీదుగా వీధిలోకి చూసింది. గుంపు లేదు. ఎదురింటి పిల్ల సైకిలు లోపల పెట్టుకుంటోంది. అంతే.

"ఒక్కణ్ణే వచ్చానమ్మా," అన్నాడాయన ఆ చూపు అర్థమై.

లోపలికి వచ్చాక కూచోమని ఎవరూ అనలేకపోయారు. భర్త లేచి నిలబడ్డాడు. ఇద్దరు మగవాళ్ళూ ఎదురెదురుగా నిలబడి ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

"ఆవిడ..." అన్నాడు అతను. 

"కళ్ళు తెరిచిందండి. సాయంత్రం."

అతను వెనక్కి చెయ్యి చాపి కుర్చీని తడుముకున్నాడు. కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మాట్లాడింది కూడా. కొద్దిగా. అప్పుడే పోలీసాయన వచ్చి అడిగితే, తప్పు నాదేనండీ, చూసుకోకుండా వెనక్కి అడుగు వేశాను, డ్రైవరు మీద ఏం రాయకండి అంది. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు." ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. అది మళ్ళీ జారింది. "రేపు ఇంకో ఆపరేషన్ ఉంది. ఆ తర్వాత నడుస్తుందో, అసలు... డాక్టర్లు ఏదీ తేల్చి చెప్పట్లేదు. మందు ఇచ్చేముందు నన్ను పిలిచి, ఆ డ్రైవరు ఎంత దిగులు పడుతున్నాడో, వెళ్ళి చెప్పి రమ్మంది. వచ్చాను."

ఆమెకి ఒంట్లో బరువంతా ఒక్కసారిగా దిగిపోయినట్టయింది. ఇంక జైలు లేదు, విచారణలో నిలబడటం లేదు, కళ్లజోళ్ళ షాపులో తల వంచుకోవడం లేదు. ఎక్కడ నవ్వొచ్చేస్తుందో అని భయపడి పెదవి బిగబట్టింది. ఎదురుగా ఉన్న మనిషి రేపు భార్య బతుకుతుందో లేదో తెలియక ఊగిసలాడుతున్నాడు. తనకేమో నవ్వొస్తోంది.

"మంచినీళ్ళు తెస్తాను," అంది.

ఆమె కదిలేలోపే ఫోను మోగింది. ఈసారి భర్తే తీశాడు. అవతల డిపో మేనేజరు. ఆయన గొంతు ఫోన్లో ఎప్పుడూ గదంతా వినిపిస్తుంది.

"ఏమయ్యా నత్తా! అదృష్టవంతుడివయ్యా నువ్వు. ఆవిడే ఒప్పేసుకుందట. విచారణా లేదు గిచారణా లేదు. పొద్దున మొదటి ట్రిప్పుకి వచ్చెయ్యి. అదే బండి, అదే రూటు. మళ్ళీ లేటు చేశావంటే మాత్రం ఊరుకునేది లేదు!"

పెట్టేశాడు.

తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు అందరికీ వినిపించింది. వినిపించిందని అతనికీ తెలిసింది. తల వంచుకున్నాడు.

వచ్చినాయన వెళ్ళడానికి కదల్లేదు.

"మిమ్మల్ని ఒక్క మాట అడగనా?" అన్నాడు. "మా ఆవిడ నా దగ్గర అబద్ధం చెప్పదు. కానీ పక్కవాళ్ళ తప్పు కూడా తన నెత్తిన వేసుకునే గుణం ఉంది. పిల్లలు లెక్క తప్పు చేస్తే నేనే సరిగ్గా చెప్పలేదంటుంది. అందుకని అడుగుతున్నా. కళ్ళారా చూసింది మీరొక్కరే. నిజంగా తనదే తప్పా?"

 ఆమె వచ్చినాయన వీపు వెనకే నిలబడి ఉంది. 'అవును' అనమని భర్తకి సైగ చెయ్యడానికి చెయ్యి ముందుకు రాబోయింది. అవును అంటే చాలు. ఈయన వెళ్ళిపోతాడు. తలుపు వేసుకోవచ్చు. ఇవాళ ఇంటిల్లిపాదీ కంటినిండా నిద్రపోవచ్చు.

కూతురు తనవైపే చూస్తోంది. తండ్రివైపు కాదు, తనవైపు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కాదండీ," అన్నాడు భర్త.

"మరి మీదా?"

"నాది ఉందండీ. బండి జోరుగా ఉంది. అది నేను ఒప్పుకుంటా." తలెత్తి ఆయన్ని చూశాడు. "కానీ ఆవిడకి అక్కడ నిలబడ్డానికి చోటు లేదండీ. చోటుంటే వెనక్కి అడుగేసే పనే లేదు."

"చోటంటే?"

అతను బావమరిదివైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆమెకి కనిపిస్తూనే ఉంది.

"ఈ మాట ఎక్కడ చెబుతారు?" అన్నాడాయన. "విచారణే లేదన్నారుగా. తనదే తప్పని రాసుకుని కూచున్నారు. రేపు తను లేచినా, లేవకపోయినా, ఊరంతా అదే నమ్ముతుంది. తన క్లాసు పిల్లలు పొద్దున్నే మళ్ళీ అక్కడే దాటుతారు."

 అప్పుడు ఆమె ముందుకు వచ్చింది. ఏం మాట్లాడబోతోందో ఆమెకే తెలియదు.

"మీరు అడగాల్సింది ఆయన్ని కాదండీ. వీణ్ణి అడగండి. మా తమ్ముడు. ఆ రోడ్డు గీసింది వీడే."

"అక్కా!"

"అరవకు. ఇందాక నాకు చెప్పావుగా, అక్కడ ఎవరు పడుతున్నారో, ఎవరు లేవట్లేదో. మేమైతే ఇంట్లోవాళ్ళం, వింటాం, ఊరుకుంటాం. ఈయనకి చెప్పు. ఈయన మొహం చూసి చెప్పు."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోతాడేమో అనుకుంది. గుమ్మంవైపు ఒక అడుగు వేశాడు కూడా. అప్పుడే అతని జేబులో ఫోను వణికింది. తీసి చూశాడు. పెద్దాయన.

కట్ చేస్తాడేమో అని చూశారు. చెయ్యలేదు.

"చెప్పండి సార్."

అవతల హుషారుగా ఉంది గొంతు. ఒక తలనొప్పి వదిలిందని చెబుతోంది, రేపు రానక్కర్లేదని చెబుతోంది, నవ్వుతోంది. తమ్ముడు వింటూ టీచరు భర్త కళ్లజోడువైపు చూస్తున్నాడు. ఆయన దాన్ని మళ్ళీ పైకి తోసుకున్నాడు.

"సార్," అన్నాడు తమ్ముడు.  దగ్గి, మళ్ళీ మొదలుపెట్టాడు. "రేపు విచారణ లేకపోయినా..."

అక్కడ ఆగిపోయాడు.

అవతల నవ్వు ఆగింది.

"లేకపోయినా? లేకపోయినా ఏంటయ్యా?" అన్న మాట గదిలో ఉన్న అందరికీ స్పష్టంగా వినిపించింది.